కలెక్టరుగారి కటాక్షం

నువ్వెవరో నీకు తెలిస్తే సరిపోతుందా? కలెక్టరుగారికి తెలియొద్దూ!

ఎవరి జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు వాళ్లదేననీ, ఆపరేషన్ చేయించుకుంటేనే ఒప్పుకుంటామనడం చెల్లదనీ 2014లో నాల్సా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఐదేళ్లు ఆలోచించి పార్లమెంటు 2019లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం చేసింది. నాలుగో సెక్షన్ ఆ హక్కును రెండు చేతులా ఇచ్చింది. ఐదో సెక్షన్ దరఖాస్తు పెట్టుకోమంది. ట్రాన్స్‌జెండర్ అని రాయించుకోవాలంటే కలెక్టరు సర్టిఫికెట్. ఆడ అనో మగ అనో రాయించుకోవాలంటే ఆపరేషన్ చేయించుకుని, ఆస్పత్రి సూపరింటెండెంట్ కాగితం పట్టుకుని మళ్లీ అదే గుమ్మానికి. డాక్టరు రాసింది నిజమేనని దొరవారికి నమ్మకం కుదరాలంది. వరదలు, ఎన్నికలు, ధాన్యం కొనుగోళ్లు చూసే మనిషిలో ఇంత గొప్ప వైద్యుడు దాగున్నాడని యూపీఎస్సీ కూడా కనిపెట్టలేకపోయింది!

మిగతా మనకో? పురిటిగదిలో నర్సమ్మ ఒక్క చూపు చూసి చెప్పిన మాట కాటిదాకా చెల్లుతుంది.

ఆ చట్టం కింద వచ్చిన 2020 రూల్స్ ఇంకో ముడి వేశాయి. ఆ కలెక్టరు పరిధిలోనే పన్నెండు నెలలు ఏకబిగిన కాపురం ఉండాలట. ఎవరు? కన్నవాళ్లు గెంటేసినవాళ్లు. టూలెట్ బోర్డు చూసి వెళ్తే ‘ఇప్పుడే ఇచ్చేశాం’ అనిపించుకునేవాళ్లు.

ఈ కట్టుదిట్టం లేకపోతే మగాళ్లంతా ఆడవాళ్లమని రాయించేసుకుంటారని కొందరి బెంగ. ఫ్రీ బస్సు టికెట్టు కోసం ఆడజన్మ మొత్తం నెత్తికెత్తుకునే మగాడెక్కడున్నాడో చూపించండి, కాళ్లకు దండం పెడతాం.

రిజిస్టర్ల సరదా మనకు పాతదే. హైదరాబాద్ సంస్థానంలో 1919 నాటి చట్టం హిజ్రాల పేర్లు రాసిపెట్టమంది. అందులో పేరున్నవాళ్లు చీర కట్టి, నగ పెట్టి వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. జైలు రెండేళ్ల దాకా. నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. 2023లో హైకోర్టు కొట్టేసేదాకా ఆ చట్టం పుస్తకంలోంచి కదల్లేదు.

ఇక 2019 చట్టం. స్త్రీపై అత్యాచారానికి కనీస శిక్ష పదేళ్లున్న దేశంలో, ట్రాన్స్‌జెండర్‌పై లైంగిక దాడి చేసినవాడికి ఈ చట్టం రాసిన గరిష్ఠ శిక్ష ఎంతో తెలుసా? రెండేళ్లు. అప్పుడు చీర కట్టినందుకు రెండేళ్లు, నూరేళ్ల తర్వాత ఆ చీర లాగినందుకూ రెండేళ్లు. సర్కారు వారి తూకంలో మాత్రం ఆవగింజంత తేడా రాలేదు!