జనంలో జనంగా నిలబడడం ఎలా?

గోదావరి జిల్లాల్లో మర్యాద ఎక్కువండీ. గుమ్మంలోకొచ్చినవాడు పగవాడైనా సరే, మంచినీళ్ళివ్వందే కదలనివ్వం. కానీ రోడ్డు మీద ముక్కూమొహం తెలియనివాడు పడిపోతే ఎలా నిలబడాలో చాలామందికి తెలీదు. తొందరపడి సాయం చేసేస్తుంటారు. అలాంటివారి కోసం ఈ చిట్కాలు.

1. నలుగురూ పోగయ్యేదాకా ఆగండి. ఒంటరిగా ఎదురుపడితే తప్పించుకోలేరు. 1968లో డార్లీ, లాటనే అనే ఇద్దరు అమెరికా ఆచార్యులు దీన్ని లెక్కగట్టారు. వేరే గదిలో ఒకడికి ఫిట్స్ వచ్చినట్టు మైకులో వినిపించారు. వింటున్నది తామొక్కరమే అనుకున్నవాళ్ళలో నూటికి 85 మంది లేచి వెళ్ళారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్ళలో లేచింది 31 మందే. నలుగురూ ఏమనుకుంటారో అని చిన్నప్పట్నుంచీ భయపడుతూ బతికాం కదా, ఆ నలుగురూ ఇలా అక్కరకొస్తారు.

2. మొహం చూడండి. పడ్డవాడిది కాదు, పక్కవాడిది. అతను నింపాదిగా ఉన్నాడంటే పెద్ద దెబ్బేం కాదన్నమాట. అతను కూడా మీ మొహం చూసే ఆ సంగతి తేల్చుకున్నాడని మాత్రం గుర్తుకు రానీయకండి.

3. చేతికేదో ఒక పని పెట్టుకోండి. రావులపాలెం దారిలో, కాలవగట్టు మీద, అరటి గెలల టీవీఎస్ బండి జారిపడిందనుకోండి. ఒకరు తాళం తీయవచ్చు. ఒకరు వచ్చే బస్సుకి చెయ్యూపవచ్చు. ఒకరు గెలల్ని నీడకు చేర్చవచ్చు. చక్కెరకేళి కదా, నలిగితే ధర పలకదు. పడ్డవాడి కాలు అప్పటికీ బండి కిందే ఉంటుంది. ఉండనీయండి. అది ఎవరో ఒకరు చూసుకుంటారు.

4. 108కి ఫోన్ చేయకండి. 2005 ఆగస్టు 15 నుంచీ ఉన్న నంబరు, చిన్నపిల్లాడికీ తెలుసు. కాబట్టి ఈపాటికి ఎవరో చేసే ఉంటారు. మీ ఫోన్ వీడియోకి ఉంచుకోండి.

5. కేసు భయాన్ని ఆవకాయలా దాచుకోండి, తడి తగలనీయకండి. సాయం చేసినవాళ్ళని వేధించకూడదన్న మార్గదర్శకాలకు 2016 మార్చి 30న సుప్రీంకోర్టు చట్టబలం ఇచ్చింది. పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదట. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చి రక్షణ కూడా ఇచ్చారు. ఇవన్నీ తెలిస్తే జాడీ మొత్తం బూజు పడుతుంది. "ఎందుకొచ్చిన గొడవండీ, స్టేషన్ చుట్టూ తిప్పుతారు" అన్న పాత మాట ఉండగా కొత్త చట్టాలెందుకు?

6. కచ్చులూరు ఊసెత్తకండి. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో ఆ ఊరి దగ్గరే పర్యాటకుల బోటు మునిగింది. బతికి బయటపడింది 26 మంది. ఒడ్డునున్న గిరిజన పల్లెలవాళ్ళు సొంత పడవలేసుకుని వరదగోదారిలోకి వెళ్ళి చాలామందిని పైకి లాగారు. వాళ్ళ పొరపాటు ఏంటంటే, ఎవరు ముందు దిగుతారా అని చూడ్డానికి అక్కడ జనం లేరు. ఇలాంటి చోట్ల ఈ చిట్కాలు పనిచేయవు.

7. అన్నిటికంటే ముఖ్యం, కళ్ళు కలపకండి. పడ్డవాడు "ఎవరైనా రండి" అని అరిచినంతసేపూ మీకేం ఢోకా లేదు. ఎవరైనా అంటే మీరు కాదు. కానీ గుంపులోంచి మిమ్మల్నొక్కరినే ఏరి, చొక్కా రంగు చెప్పి, వరస కలిపి పిలిచాడా, పని అయిపోయినట్టే. మన వైపు వరస కలిపాక కాదనడం కుదరదు.

ఇంత తెలిసినవాణ్ణి, నేనే దొరికిపోయానండీ. భుజాన గెలతో నీడ వైపు నడుస్తున్నాను. "నీలం చొక్కా తమ్ముడూ, ఈ బండి కాస్త ఎత్తవా" అని వినిపించింది. చుట్టూ చూశాను. నీలం చొక్కా ఇంకెవరికీ లేదు. గెల అక్కడే పడేశాను.

ఆ చొక్కా ఇప్పటికీ ఉంది. అరటి మరక కదా, ఎంత ఉతికినా పోలేదు.