పెరటి పాకం, దాని వర్ణభేదాలు

కెనడాలోని క్విబెక్, అంటారియో ప్రాంతాలలోను, అమెరికాలోని వెర్మాంట్, న్యూయార్క్ రాష్ట్రాలలోను ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా సాగే మేపుల్ పాకం తయారీ వృత్తిదారులకు వ్యవసాయం కాగా, పెరట్లో నాలుగు చెట్లున్న గృహస్థుకు మాత్రం వ్యవసాయానికీ వ్యసనానికీ నడుమ ఎక్కడో ఉండే వ్యాపకం. ఈ గృహస్థు తన పాకం బంగారు రంగులో దిగిన ఏడాది అది తన చేతి నేర్పు అనీ, నల్లగా దిగిన ఏడాది అది వాతావరణం చేసిన ద్రోహమనీ దృఢంగా నమ్ముతాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెతకు ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకడం కష్టమే గాని, ఈ సందర్భంలో మద్దెలకు కూడా నిజంగానే కొంత ఓడు ఉండటం వల్ల ఆయన వాదనను విచారణ లేకుండా కొట్టివేయడం న్యాయం కాదు.

ముందుగా అంగీకరించవలసిన విషయం, చెట్టు నుంచి వచ్చే రసానికి రంగు లేదన్నది. రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పోయి, పగలు సున్నాకు పైకి వచ్చే రోజులలో, గడ్డకట్టిన కొమ్మలలోని వాయువులు కుదించుకుపోయి వేళ్ళ నుంచి నీటిని పైకి లాగుతాయి. మంచు కరిగాక అవే వాయువులు వ్యాకోచించి, మానుకు తొలిచిన రంధ్రం గుండా ఆ రసాన్ని బయటికి నెడతాయి. అలా వచ్చిన రసం చూడటానికి మంచినీరే, రుచికి కూడా దాదాపు మంచినీరే, ఎందుకంటే అందులో చక్కెర సుమారు 2 శాతం మాత్రమే. ఆ 2 శాతాన్ని 66 లేదా 67 శాతానికి చేర్చడమే పాకం కాయడం. ఎంత రసానికి ఎంత పాకం వస్తుందో చెప్పే ‘86 సూత్రం’ ఒకటి పాకం కాచేవారికి కంఠస్థం: 86ను రసంలోని చక్కెర శాతంతో భాగిస్తే, ఒక లీటరు పాకానికి ఎన్ని లీటర్ల రసం కావాలో తెలుస్తుంది. ఆ లెక్కన 2 శాతం రసమైతే 43 లీటర్లు కావాలి, అంటే మిగిలిన 42 లీటర్లు ఆవిరైపోవాలి. ఈ సంగతి తెలియక వంటింటి పొయ్యి మీద ప్రయోగం ప్రారంభించిన వారి గోడలకు అతికించిన రంగుకాగితాలు ఊడి వేలాడటం, మరునాటి నుంచి ఆ పొయ్యి పెరట్లో సిమెంటు దిమ్మెల మీదికి మారడం ఆ ప్రాంతంలో సర్వసాధారణం.

రంగు, రుచి రెండూ పొయ్యి మీదనే పుడతాయి కనుక, నలుపుకు కారణం కూడా అక్కడే వెతకాలని ఎవరికైనా తోస్తుంది. అయితే అసలు నేరం చాలాసార్లు పొయ్యి వెలిగించక ముందే జరిగిపోతుంది. చెట్టు రసంలోని చక్కెర దాదాపు అంతా సుక్రోజు, అంటే చెరకులో ఉండే చక్కెరే. ఇది వేడికి కొంత ఓర్పు గలది. గాలి ద్వారా, రంధ్రం ద్వారా, కడగని బకెట్టు ద్వారా రసంలో చేరిన సూక్ష్మజీవులు ఈ సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చిన్న చక్కెరలుగా విడగొడతాయి. ఆ రెండింటికీ ఓర్పు తక్కువ. కాగుతున్న రసంలో అవి అమైనో ఆమ్లాలతో, అనగా మాంసకృత్తులకు మూలమైన పదార్థాలతో, కలిసి గోధుమ రంగు పదార్థాలుగా మారతాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ వివరించినందువల్ల దీనిని మయార్ చర్య అంటారు. రొట్టె పైభాగం ఎర్రబడటానికీ కాఫీ గింజ వేగి నల్లబడటానికీ చాలావరకు ఇదే మూలం. కాబట్టి చిన్న చక్కెరలు ఎంత ఎక్కువగా ఉంటే, అంతే సేపు కాచినా పాకం అంత ముదురు రంగుకు తిరుగుతుంది.

తాటిచెట్టును ఎరిగిన తెలుగువారికి ఈ భాగం విడమరచి చెప్పవలసిన పని లేదు. తెల్లవారుజామున దించిన నీరా ఎండెక్కేసరికి కల్లుగా మారుతుందని, తాటిబెల్లం కావాలనుకున్నవారు కుండ లోపల సున్నం పూసి ఆ పులుపును అడ్డుకుంటారని గోదావరి తీరంలో పిల్లలకు కూడా తెలుసు. మేపుల్ గృహస్థుకు మాత్రం సున్నం కుండకు బదులు మంచు మీద నమ్మకం ఎక్కువ. మార్చి తొలివారంలో, చుట్టూ మంచు పేరుకుని ఉన్నప్పుడు, ఆ నమ్మకం బాగానే చెల్లుతుంది. ఆయన ఉద్యోగస్థుడు కనుక సోమవారం కారిన రసం శనివారం దాకా పీపాలో ఎదురుచూస్తుంది, సూక్ష్మజీవులకు మాత్రం వారాంతపు సెలవు నియమం లేదు. వాతావరణం చల్లగా ఉన్న ఏడాది ఆ ఐదు రోజులలో అవి పెద్దగా ఏమీ సాధించలేవు. వెచ్చని ఏడాది అదే ఐదు రోజులలో రసం మసకబారి, పాలవలె తెల్లబడి, తన ఉద్దేశమేమిటో స్పష్టంగా తెలియజేస్తుంది. 2012 మార్చిలో అమెరికా ఈశాన్య ప్రాంతమంతటా అసాధారణమైన వేడి వచ్చి, వెర్మాంట్‌లోని బర్లింగ్టన్‌లో పగటి ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటినప్పుడు, ఏడాదంతా ఎదురుచూసిన రసం కాలం ఎందరికో అర్ధాంతరంగా ముగిసిపోయింది. ఋతువును నిందించే గృహస్థుకు ఇంతవరకు న్యాయమున్నది: ఋతువు నేరుగా రంగు పూయదు గాని, రంగు పూసేవారికి వసతి కల్పిస్తుంది. సాధారణ సంవత్సరంలో కూడా మొదటి రసం లేతగాను, చివరి రసం ముదురుగాను కాగడానికి కారణాలలో ముఖ్యమైనది ఇదే.

ఇక పొయ్యి వద్ద జరిగే నేరం. వృత్తిదారుల పెనం అడ్డుగోడలతో అరలుగా విభజించి ఉంటుంది. ఒక మూల నుంచి పచ్చిరసం ప్రవేశించి, పలుచని పొరగా అర నుంచి అరకు ప్రవహిస్తూ చిక్కబడి, మరో మూల నుంచి పాకంగా బయటికి వస్తుంది కనుక ఏ చుక్కా అవసరానికి మించి నిప్పుల మీద నిలవదు. గృహస్థుది ఒకే లోతైన గిన్నె. అందులో నీరు తగ్గినప్పుడల్లా ఆయన మరికొంత పచ్చిరసం పోస్తాడు, దాని వల్ల ఉదయం ఆరింటికి పోసిన చక్కెర రాత్రి పదింటి దాకా, తరవాత వచ్చినవారందరితో పాటు ఉడుకుతూనే ఉంటుంది. ఈ పద్ధతిలో లేతరంగు పాకం దింపడం సాధ్యమే గాని, అందుకు అదృష్టం కూడా తోడు కావాలి. పొంగు వచ్చినప్పుడు చిటికెడు వెన్న వేయడం తెలిసినంత మాత్రాన, నీరు మరిగే ఉష్ణోగ్రత కంటే సుమారు 4 డిగ్రీలు పైకి చేరగానే దింపాలన్న నియమం పాటించినంత మాత్రాన, పదహారు గంటల నిప్పు పని చేయకుండా పోదు.

చెట్టును పూర్తిగా నిర్దోషిగా వదిలివేయడానికి కూడా వీలు లేదు. విత్తనాలు విరగగాసిన ఏడాది తన నిల్వలలో చాలా భాగాన్ని సంతానానికి ఖర్చుచేసిన మేపుల్ చెట్టు, మరుసటి వసంతంలో పలుచని రసమిచ్చే అవకాశముంది. చక్కెర 2 శాతం నుంచి 1.5 శాతానికి తగ్గితే, 86 సూత్రం ప్రకారం లీటరు పాకానికి 43కు బదులు 57 లీటర్లు కాయవలసి వస్తుంది. అంటే మరింత కట్టె, మరింత సమయం, వాటితో పాటు మరింత నలుపు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్లు చెట్టు, ఎండ, పీపా, గిన్నె, ఉద్యోగం అన్నీ తమ తమ వాటా వేశాక, వీటిలో ఏ ఒక్కదాన్నో పట్టుకుని శిక్షించడం వృథాప్రయాస.

నలుపు తప్పెప్పుడయింది అన్నది మరో ప్రశ్న. 1791లో ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్, వెస్టిండీస్‌లో బానిసల శ్రమతో తయారయ్యే చెరకు చక్కెరకు బదులు మేపుల్ చక్కెరను వాడాలని థామస్ జెఫర్సన్‌కు సుదీర్ఘమైన లేఖ రాశాడు. జెఫర్సన్ తన మాంటిచెల్లో తోటలో మేపుల్ మొక్కలు నాటించాడు కూడా, కాని వర్జీనియా నేలలో వాటిలో చాలావరకు బతకలేదు. తెల్ల చక్కెరతో పోటీపడవలసిన ఆ కాలంలో, మేపుల్ రుచి ఎంత తక్కువగా తగిలితే అంత మేలురకమనే విచిత్రమైన కొలమానం స్థిరపడింది. అందుకే వెర్మాంట్‌లో దాదాపు రుచే తెలియని లేతరకానికి ‘ఫ్యాన్సీ’ అన్న బిరుదు, మేపుల్ గుణం నిండుగా ఉన్న ముదురు రకానికి ‘గ్రేడ్ బి’ అన్న రెండో తరగతి దక్కాయి. వంట తెలిసినవారు మాత్రం ఆ రెండో తరగతినే వెతికి కొనుక్కునేవారు. చివరికి 2014, 2015 ప్రాంతంలో వెర్మాంట్, కెనడా, అమెరికా కేంద్ర వ్యవసాయ శాఖ వరుసగా పాత పేర్లను తొలగించి, అమ్మకానికి వచ్చే మంచి పాకమంతటినీ గ్రేడ్ ఏ కిందికి చేర్చి, కాంతి ఎంత శాతం దాటిపోతుందన్న కొలత ప్రకారం బంగారు, కాషాయ, ముదురు, అతిముదురు అనే నాలుగు వర్ణాలుగా విభజించాయి. కనీసం 75 శాతం కాంతిని పోనిస్తే బంగారు వర్ణం, 25 శాతానికి దిగువైతే అతిముదురు. దశాబ్దాలుగా గృహస్థు చేతకానితనానికి రుజువుగా నిలిచిన సరుకు, ఒక్క చుక్క కూడా మారకుండా, ‘ముదురు వర్ణం, నిండైన రుచి’ అనే పదోన్నతి పొందింది. లేతరంగు మీద మోజు తీరనివారికి సన్నని సీసా ఉండనే ఉన్నది: పెద్ద కూజాలో నల్లగా కనిపించే పాకమే బొటనవేలంత సీసాలో పోసి కిటికీ దగ్గర పెడితే బంగారంలా మెరుస్తుంది.

కొత్త చట్టం కూడా కాపాడలేని నలుపు ఒకటున్నది. ఏప్రిల్‌లో కప్పలు అరవడం మొదలై, కొమ్మల మీద మొగ్గలు ఉబ్బినప్పుడు చెట్టు లోపలి అమైనో ఆమ్లాల కూర్పు మారిపోయి, రసానికి ఒక రకమైన వెగటు వాసన పడుతుంది. ఎంత శుభ్రంగా కాచినా ఆ వాసన పోదు. వృత్తిదారులు దానిని తమ పేరుతో సీసాలో పోసి అమ్మరు, వేరే పదార్థాల తయారీకి పీపాలలో పంపేస్తారు. ఆ పీపాలు కొనేవారెవరూ లేని గృహస్థు మాత్రం దానిని అందమైన సీసాలలో నింపి, మూతలకు రిబ్బను కట్టి, డిసెంబరు పండుగ దాకా జాగ్రత్తగా దాచి, వియ్యాలవారికి కానుకగా పంపుతాడు.