నేను ‘మై ప్లేస్’ని

నా పేరు ‘మై ప్లేస్’. అట్ట మెత్తని మామూలు పేపర్‌బ్యాక్‌ని. 1987లో పశ్చిమ ఆస్ట్రేలియాలో, ఫ్రీమాంటిల్ అనే రేవుపట్నంలో వెలువడ్డాను. నన్ను రాసినావిడ శాలీ మోర్గన్. 1951లో పెర్త్‌లో పుట్టింది. బొమ్మలు వేస్తుంది. నాలో ఉన్నది కల్పన కాదు. ఆమె కథ, ఆమె తల్లి కథ, అమ్మమ్మ కథ, అమ్మమ్మ అన్న కథ.

నన్ను వేసిన సంస్థ చిన్నది. ఫ్రీమాంటిల్ ఆర్ట్స్ సెంటర్ ప్రెస్ అని 1976లో మొదలైంది. ఆ ఆర్ట్స్ సెంటర్ భవనం 1860లలో ఖైదీల చేత కట్టించిన పిచ్చాసుపత్రి. పెద్ద ప్రచురణకర్తలంతా దేశానికి రెండో కొసన, సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో ఉండేవాళ్లు. నాకంటే ఆరేళ్ల ముందు, 1981లో, ఈ చిన్న సంస్థే నాకు అన్నలాంటి పుస్తకాన్ని బయటికి తెచ్చింది. దాని పేరు ‘ఎ ఫార్చునేట్ లైఫ్’. రాసినాయన ఆల్బర్ట్ ఫేసీ. 1894లో పుట్టాడు. బడి మొహం చూడలేదు. ఎనిమిదేళ్ల వయసులో పనికి కుదిరాడు. చదవడం, రాయడం తనంతట తనే నేర్చుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గలిపొలిలో పోరాడి వచ్చాడు, రెండో ప్రపంచ యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్నాడు. ఇంట్లోవాళ్లకు పంచుకోవడానికి కాసిని ప్రతులు అచ్చు వేయించుకుందామన్నది ఆయన కోరిక. ఆ పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. 1982 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశాడు. చదువుకోని మనిషి తన బతుకును తన మాటల్లో చెబితే దేశం కూర్చుని వింటుందని ఆయన వల్లనే రుజువైంది. ఆ రుజువు ఇచ్చిన ధైర్యం లేకపోతే నాలాంటి దాన్ని అచ్చు వేయడానికి ఎవరు ముందుకొచ్చేవారో నాకు తెలియదు.

ఇక నా కడుపులో ఉన్న సంగతి. శాలీ, ఆమె తోబుట్టువులు పెర్త్ శివారులో పెరిగారు. ఒంటి రంగు చూసి బడిలో పిల్లలు అడిగేవాళ్లు, మీరు ఏ దేశం వాళ్లని. ఇంటికొచ్చి తల్లిని అడిగితే, ఇండియా వాళ్లమని చెప్పమంది. పిల్లలు అదే చెప్పారు, అదే నమ్మారు. ఇంట్లో అమ్మమ్మ డైసీ ఉండేది. ఎవరైనా ఇంటికొస్తే కనపడకుండా లోపలికి పోయేది. శాలీకి పదిహేనేళ్లు వచ్చాక ఆ అమ్మమ్మ ఏడుస్తూ ఉండగా తెలిసింది, తాము ఇండియా వాళ్లం కాదని, ఈ నేల మీదే పుట్టిన ఆబొరిజినల్ మనుషులమని. తల్లి ఒప్పుకోవడానికి ఇంకా ఏళ్లు పట్టింది.

ఎందుకు దాచారు? 1905లో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం పదహారేళ్లలోపు ఆదివాసీ పిల్లలందరికీ చట్టబద్ధమైన సంరక్షకుడు ప్రభుత్వ అధికారి. కన్నతల్లి కాదు. ఆ అధికారి కావాలనుకుంటే బిడ్డను తీసుకుపోయి ఏ ఆశ్రమంలోనైనా పెట్టవచ్చు. డైసీ ఉత్తరాన పిల్బరా ప్రాంతంలోని కొరునా డౌన్స్ అనే పశువుల ఎస్టేటులో పుట్టింది. అక్కడి నుంచి తీసుకొచ్చి పెర్త్‌లో యజమానుల ఇంట పనికి పెట్టారు. ఆమె కూతురు గ్లాడిస్‌ను మూడేళ్ల పసితనంలోనే పార్కర్‌విల్ అనే అనాథ శరణాలయానికి పంపారు. అలాంటి బతుకు బతికిన తల్లీకూతుళ్లు తమ ఇంటి పిల్లల్ని ఎవరూ ఎత్తుకుపోకూడదని ఒక దూరదేశం పేరు చాటున తలదాచుకున్నారు.

శాలీ టేప్ రికార్డర్ పట్టుకుని పెద్దవాళ్ల దగ్గర కూర్చుంది. ముందు నోరు విప్పింది డైసీ అన్న ఆర్థర్. తర్వాత తల్లి. చిట్టచివర అమ్మమ్మ, అదీ కొంతే. కొన్ని రహస్యాలు తనతోనే పోతాయని ఆమె కచ్చితంగా చెప్పేసింది. 1983లో పోయింది. నేను అచ్చయిన రూపం ఆమె చూడలేదు. నా పేజీల్లో ఆ ఖాళీలు అలాగే ఉన్నాయి. శాలీ వాటిని ఊహలతో పూడ్చలేదు. నాలో నాకు అన్నిటికన్నా గౌరవమున్న చోటు అదే. నేను చెప్పిన కొన్ని విషయాలను ఆ ఎస్టేటు యజమానుల కుటుంబీకురాలు ఒకరు తర్వాత సొంతంగా పుస్తకం రాసి కాదన్నారు. అది న్యాయమే. జ్ఞాపకాన్ని సాక్ష్యంగా అచ్చు వేసినప్పుడు అవతలి పక్షం కూడా మాట్లాడాలి. కానీ డైసీ పక్షం అంతకుముందు ఎన్నడూ అచ్చులో లేదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

నేను మటుకు పెర్త్‌లో ఒక పేట లైబ్రరీకి చేరాను. నాకు ప్లాస్టిక్ తొడుగు వేసి, వెనకట్ట లోపల తేదీల కాగితం అంటించారు. అరల్లో రకరకాల పొరుగువాళ్లతో మెలిగాను. నేరాల పుస్తకాలు లైబ్రరీ వర్గీకరణలో 364 అంకె దగ్గర ఉండేవి, ఎప్పుడూ చేతులు మారుతూనే ఉండేవి. వాటిలో చాలావాటికి రక్తం మీదే ధ్యాస. జాన్ బ్రైసన్ రాసిన ‘ఈవిల్ ఏంజెల్స్’ అలాంటిది కాదు. 1980 ఆగస్టు 17 రాత్రి ఉలురు కొండ దగ్గర గుడారంలోంచి అజారియా చేంబర్లెయిన్ అనే పసికందు మాయమైంది. అడవికుక్క, అంటే డింగో, ఎత్తుకుపోయిందని తల్లి లిండీ మొత్తుకుంది. జనం నమ్మలేదు. ఆమె ఏడుపు సరిపోలేదన్నారు, ఆమె మతం మీద పుకార్లు పుట్టించారు. కారులో రక్తమని నిపుణులు చెప్పినది తర్వాత చూస్తే కారు తయారీలో చల్లిన రసాయనం. ఆ రాత్రి డింగో జాడలు చూసిన ఆదివాసీల మాటకు కోర్టులో తగిన విలువ దక్కలేదు. 1982లో ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది. ఆమె ఇంకా జైల్లో ఉండగానే, 1985లో, బ్రైసన్ పుస్తకం వచ్చింది. మరుసటి ఏడు పాప చొక్కా దొరికాక లిండీని వదిలారు. 1988లో తీర్పు కొట్టేశారు. మరణానికి కారణం డింగోయేనని అధికారికంగా రాయడానికి 2012 దాకా పట్టింది. నేరాల పుస్తకం అంటే నేరస్థుణ్ణి చూపించేదే అనుకునేవాళ్లు దీన్ని చదవాలి. ఇందులో తప్పు చేసింది ఒక దేశపు జనం.

జీవితం బాగుచేసే పుస్తకాలతోనూ పరిచయముంది. స్కాట్ పేప్ 2016లో రాసిన ‘ద బేర్‌ఫుట్ ఇన్వెస్టర్’ మంచిది. జీతాన్ని ముందే వాటాలుగా విడదీయండి, ఆలుమగలు నెలకోసారి కూర్చుని డబ్బు సంగతి మాట్లాడుకోండి అంటుంది. దాని మార్జిన్ల నిండా పాఠకులు వేసుకున్న లెక్కలు ఉండేవి. మెల్‌బోర్న్ టీవీ నిర్మాత రోండా బర్న్ 2006లో తెచ్చిన ‘ద సీక్రెట్’ మీ తెలుగులోకీ వచ్చింది. గట్టిగా కోరుకుంటే లోకం తెచ్చి ఇస్తుందని దాని సారాంశం. దానితో నేను ఏకీభవించలేను. గ్లాడిస్ తన ఒళ్లోనే పెరగాలని డైసీ గట్టిగా కోరుకోలేదా? ఆమె కోరికలో లోపం లేదు, చట్టంలో ఉంది.

1997లో ప్రభుత్వ విచారణ నివేదిక వచ్చింది. అలా తీసుకుపోయిన పిల్లల గురించి వందల మంది సాక్ష్యాలు అందులో ఉన్నాయి. 2008 ఫిబ్రవరి 13న అప్పటి ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో వాళ్లకు క్షమాపణ చెప్పాడు. ఆ వారమంతా నేను అరలో నిలవలేదు.

తర్వాత నా అంచులు నలిగిపోయి లైబ్రరీ నుంచి తీసేశారు. సెకండ్ హ్యాండ్ దుకాణంలో ఒక తెలుగింటి అమ్మాయి కొనుక్కుంది. బడిలో నన్ను పాఠంగా పెట్టారు. రాజమండ్రి నుంచి వచ్చిన వాళ్ల అమ్మమ్మకు వంటింట్లో కూర్చుని తెలుగులో చెప్పుకుంటూ పోయింది.

“ఇండియా వాళ్లమని చెప్పమందా? అదేంటే, ఎందుకలా?”

“అసలు సంగతి తెలిస్తే పిల్లల్ని పట్టుకుపోతారని భయం అమ్మమ్మా.”

“మన పేరు చెప్పుకుని పిల్లల్ని కాపాడుకున్నారన్నమాట,” అందావిడ. కాసేపాగి, “ఆ అమ్మమ్మ ఏమైంది, అది చెప్పు,” అంది.

శాలీ నన్ను రాసింది ఆ ప్రశ్న అడిగే మనుషుల కోసమే.

పెర్త్‌లో, మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో ఇళ్లు కొనుక్కుని పిల్లల్ని పెంచుకుంటున్న తెలుగువాళ్లకు నా విన్నపం ఒకటే. మీరున్న నేల ఎవరిదో ఒక్కసారి చదివి తెలుసుకోండి. మీ దేశం పేరు చాటున ఒక కుటుంబం ఏళ్ల తరబడి బతికింది కాబట్టి ఆ కథ మీకు పరాయిది కాదు. మీ పేట లైబ్రరీలో అడగండి, నా ప్రతి ఒకటి ఉండొచ్చు. అరలో లేకపోతే మీ పేరు రాయించి వెళ్లండి, తెప్పించి ఇస్తారు.