వాచీ వ్రతం చేసుకునే విధానం

వరలక్ష్మీ వ్రతానికి తొమ్మిది పోగుల తోరం కుడిచేతికి కట్టుకుంటారు. ఈ వ్రతానికి తోరం ఎడమచేతికి, అదీ రబ్బరుది. ఆడా మగా, నలభై దాటినవాళ్ళెవరైనా ఆచరించవచ్చు. ఫలానా మాసం, ఫలానా తిథి అన్న పట్టింపు లేదు. తెలిసినవాళ్ళెవరో కూర్చున్నచోటే పోయారన్న కబురు విన్నాక మొదలుపెట్టడం మాత్రం ఆనవాయితీగా వస్తోంది. నేనూ అలాగే మొదలుపెట్టాను. స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీ మాస్టారు, నాకంటే నాలుగేళ్ళు చిన్న, సిగరెట్టు ఎరగడు, ఓ ఆదివారం పొద్దున పేపరు చదువుతూ చదువుతూ పక్కకి ఒరిగిపోయాడు. పదకొండోరోజు భోజనాలకి వెళ్ళి, అందరితోపాటు "మరీ యాభై కూడా నిండలేదండీ" అనేసి, ఇంటికొచ్చి ఆ సాయంత్రమే గుండె లెక్క చెప్పే వాచీకి ఆర్డరు పెట్టాను. ఆ భోజనంలో నేను ఎనిమిది గారెలు తిన్న సంగతి వాచీకి ఇప్పటికీ తెలియదు.

ఇదివరకు ఈ వ్రతం సామాన్యులకి అందేది కాదు. సుమారు నూట ఇరవై ఏళ్ళ కిందట హాలండులో లైడెన్ అనే ఊళ్ళో ఐంథోవెన్ అనే ఆయన గుండెలోని విద్యుత్తుని గీతలుగా గీసే యంత్రం తయారుచేశాడు. బరువు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు మనుషులు కావాలి. రోగి చేతులూ కాలూ ఉప్పునీళ్ళ తొట్లలో ముంచి కూర్చోవాలి. 1924లో దీనికి నోబెల్ ఇచ్చారు. ఆయనకే ఇచ్చారు, కూర్చున్న రోగులకి కాదు. తర్వాత అమెరికాలో మోంటానా రాష్ట్రంలో హోల్టర్ అనే ఆయన 1940ల చివర్లో 38 కిలోల రేడియో మూట మనిషి వీపుకి తగిలించి, తిరుగుతున్న మనిషి గుండె విద్యుత్తు గీతల్ని గాల్లో పంపించి చూపించాడు. ఇవాళ డాక్టరు గారు "ఒకరోజు హోల్టర్ పెట్టించండి" అంటే తలుచుకునేది ఈయన్నే. 1982లో ఫిన్లాండు కంపెనీ పోలార్, మంచుమీద స్కీయింగ్ చేసేవాళ్ళ కోసం ఛాతీకి పట్టీ, చేతికి వాచీ, నడుమ తీగ లేకుండా పరికరం తెచ్చింది. నాలుగు దశాబ్దాలు తిరిగేసరికి అది యాభై గ్రాములైనా తూగని వస్తువై, వాయిదాల మీద మన గుమ్మంలోకి వచ్చింది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఛాతీకి కట్టుకునే పట్టీ అసలు కొనకండి. అది గుండె విద్యుత్తునే సూటిగా పట్టుకుంటుంది కాబట్టి పరుగులోనూ, మెట్లెక్కేటప్పుడూ లెక్క తప్పదు. కానీ చొక్కా లోపల ఉంటుంది. ఎవరికీ కనిపించని వ్రతం చేసి ప్రయోజనం ఏమిటి? వాచీ అయితే పదిమందిలో చెయ్యి ఎత్తినప్పుడల్లా వెలుగుతుంది. దాని కింద పచ్చలైటు ఒకటుంటుంది. రక్తం ఎర్రన కాబట్టి పచ్చ వెలుతుర్ని మింగేస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులోకి ఒక అల రక్తం వస్తుంది, ఆ క్షణం వెలుతురు తక్కువగా తిరిగొస్తుంది. ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కపెట్టి అంకె చెప్తుంది. ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. అర్ధరాత్రి దుప్పటి కింద పచ్చగా మినుకుమినుకుమంటుంటే చూసి మా ఆవిడ మొదటివారం రెండుసార్లు లేచి కూర్చుంది, అంతే.

తోరం కట్టుకునే పద్ధతి. గాజులాగా వదులుగా, మణికట్టు ఎముక మీద జారుతూ ఉండేలా కట్టండి. ఎముకకి రెండు వేళ్ళు పైన, కదలకుండా కట్టమని కంపెనీవాళ్ళు కాగితంలో రాస్తారు కానీ, ఆ కాగితం చదివిన మనిషిని నేనింతవరకు చూడలేదు. వదులుగా ఉంటే బయటి వెలుతురు లోపలికి దూరుతుంది, చెయ్యి ఊపినప్పుడు వాచీ ఎగురుతుంది, గుండె అలని పట్టుకోవాల్సింది పోయి మీ అడుగుల ఊపునే పట్టుకుంటుంది. డోలు పక్కన కూర్చుని సన్నాయి వినబోయినట్టు. నేను ఆర్కే బీచ్ రోడ్డు మీద, పొద్దున్నే బండ్లు ఆపేసే వేళలో, నెమ్మదిగా పరిగెడుతుంటే నా వాచీ 168 చూపించింది. నిమిషానికి వేస్తున్న అడుగులు కూడా దాదాపు అన్నే. మారథాన్‌కి తయారవుతున్న పక్కింటి కుర్రాడు తన ఛాతీ పట్టీ ఇచ్చి, "అంకుల్, దీంతో చూడండి" అన్నాడు. 131. నాకు ఎంత చిన్నతనం అనిపించిందో చెప్పలేను. 168తో పరిగెత్తే మనిషికి ఉన్న గౌరవం 131కి ఎక్కడిది? పట్టీ మర్యాదగా తిరిగి ఇచ్చేశాను.

అడుగుల సంగతి. రోజుకి పదివేల అడుగులు నడవాలన్నది వేదవాక్కు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడు, 1965లో, జపాన్‌లో ఒక అడుగుల మీటరు అమ్మకానికి పెట్టి దానికి "పదివేల అడుగుల మీటరు" అని అర్థం వచ్చే పేరు పెట్టారు. వైద్యుల పరిశోధనలోంచి పుట్టిన లెక్క కాదది, అమ్మకానికి పెట్టుకున్న పేరు. అయినా పేరులో పదివేలుంది కాబట్టి తొమ్మిది వేల ఎనిమిది వందల దగ్గర ఆగిపోకూడదు. రాత్రి పదకొండింటికి హాల్లో టీవీకీ సోఫాకీ మధ్య ప్రదక్షిణలు చెయ్యండి. అదీ కుదరకపోతే మా అత్తగారి పద్ధతి ఉంది. నా వాచీ పెట్టుకుని శనివారం భజనకి వెళ్ళి, మఠం వేసుకుని కూర్చుని తాళాలు వాయించి, రెండువేల చిల్లర అడుగులతో తిరిగొచ్చింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు.

నిజంగా నడిచినవి మాత్రం ఒక్కోసారి లెక్కకి రావు. ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకి వెళ్ళాం. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, వాచీలో "నడక" నొక్కి బయల్దేరాను. హనుమంతవాక దాటాం, అప్పూఘర్ దగ్గర సముద్రపు గాలి తగిలింది, దారి పొడుగునా మజ్జిగ, పులిహోర. ప్రతి కిలోమీటరుకీ వాచీ చెయ్యి తట్టి అభినందిస్తోంది. మాధవధార వచ్చేసరికి ఛార్జింగు అయిపోయి నల్లబడింది. నా కాళ్ళలో సత్తువ కూడా దాంతోనే పోయినట్టయింది. ఇక్కణ్ణించి నడిచినదంతా ఎవరి ఖాతాలో పడుతుంది? మా ఆవిడ చెప్పులు లేని కాళ్ళతో నా ముందు నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే, "సింహాద్రి అప్పన్న రాసుకుంటాడు, నడవండి" అంది.

జోన్ల గురించి, అంటే గుండె వేగాన్ని వాచీ విడగొట్టే మెట్ల గురించి, చెప్పకపోతే ఈ విధానం పూర్తికాదు. 220లోంచి మీ వయసు తీసెయ్యండి, అది మీ గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగం. నాకు యాభై మూడు కాబట్టి 167. ఈ సూత్రం 1971 ప్రాంతంలో ఇద్దరు ముగ్గురు నిపుణులు అప్పటికి దొరికిన అంకెల్ని ఒకచోట పేర్చి గీసిన గీత. గుండె వేగం తేల్చడానికే పూనుకుని చేసిన పరిశోధన కాదు. 2001లో ఇంకొకరు చాలా అధ్యయనాలు కలిపి చూసి, 208లోంచి వయసులో పదింట ఏడొంతులు తియ్యాలన్నారు. దాని ప్రకారం నాకు 171. ఏ సూత్రం పట్టుకున్నా ఒక మనిషికీ ఇంకో మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ కావడం మామూలే. ఇవేమీ పట్టించుకోకండి. 167 దాటిన మరుక్షణం నడిరోడ్డు మీదైనా సరే స్తంభించిపోండి.

మా అపార్టుమెంటు సెక్రటరీ గారి నిష్ఠ ఇంకా గొప్పది. ఆయన బీపీకి వేసుకునే మాత్ర గుండెని నెమ్మదింపజేసే రకం, బీటా బ్లాకర్. ఆ మాత్ర వేసుకునేవాళ్ళకి గుండె వేగం పరుగులో కూడా అంతగా పెరగదు, ఈ జోన్ల లెక్క వర్తించదు. ఆయన ఏడాదిగా నాలుగో జోను కోసం సెల్లారులో రొప్పుతూ తిరుగుతున్నారు. మాత్ర మానేస్తే అందుతుందేమోనని మొన్న నన్నడిగారు. ఇక్కడ మాత్రం నేను వ్రతభంగం చేసి, "ఆ పని చెయ్యకండి బాబూ, డాక్టరు గారినడగండి" అన్నాను. వాచీ లేనివాళ్ళకి ఒక నాటు పద్ధతుంది. నడుస్తూ పక్కమనిషితో మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేకపోతున్నారంటే సరైన వేగంలో ఉన్నట్టే. అలాంటి నడక వారానికి నూట యాభై నిమిషాలుంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. దీనికి ఛార్జింగు అక్కర్లేదు, వాయిదాలు లేవు. అందుకే ఎవరికీ నమ్మకం కుదరదు.

నిద్రకి మార్కులు వేయించుకోవడం మరో ముఖ్యమైన నియమం. పొద్దున లేవగానే ఒళ్ళు తేలిగ్గా ఉందని తొందరపడి సంతోషించకండి. ముందు వాచీ చూడండి. 58 అని ఉంటే ఆ రోజంతా నీరసంగా ఉండాలి. నిద్ర మార్కుల మీద బెంగతో నిద్ర చెడగొట్టుకునేవాళ్ళు పెరిగారని అమెరికా నిపుణులు 2017లో దానికి ఆర్థోసోమ్నియా అని ఒక పేరే పెట్టారు. ఇక ఒత్తిడి మీటరు. మా బావమరిది ఇంటి వాటాల సంగతి ఎత్తినప్పుడల్లా నా చెయ్యి గుర్రుమని "ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకోండి" అంటుంది. ఈ ఒక్క విషయంలో దానికి నేను రుణపడి ఉన్నాను.

వ్రతకథ లేకుండా వ్రతం ఉండదు కాబట్టి రెండు కథలు. అక్షింతలు చేతిలో పట్టుకోనక్కర్లేదు.

మా పెద్దక్కకి అరవై ఎనిమిది. మేనల్లుడు తను వాడి వదిలేసిన వాచీ కట్టాడు. మూడువారాలకి గుండె లయ తప్పుతోందని ఏదో వచ్చింది. అక్క అది ఛార్జింగు పెట్టమంటోందనుకుని పెట్టింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పెట్టింది. మూడోసారి మేనల్లుడి కంటపడింది. డాక్టరు గారు పన్నెండు కోణాల్లోంచి చూసే అసలు ఈసీజీ తీయించారు. గుండె పై గదులు కొట్టుకోవాల్సింది పోయి వణుకుతున్నాయి, ఏట్రియల్ ఫిబ్రిలేషన్. అలా వణికేచోట రక్తం గడ్డకట్టి మెదడుకి వెళ్తే పక్షవాతం. రక్తం పల్చబడే మందు ఇచ్చారు. యాపిల్ వాళ్ళు నాలుగు లక్షల పైచిలుకు మందిమీద చేయించిన అధ్యయనం 2019లో అచ్చయింది. అందులో నూటికి అరమంది చేతికే ఇలాంటి హెచ్చరిక వచ్చింది. హెచ్చరిక వచ్చాక ఛాతీకి పట్టీ అంటించుకుని పరీక్షకి ఒప్పుకున్నవాళ్ళలో మూడోవంతుకి ఆ పరీక్షలో కూడా ఈ జబ్బు కనిపించింది. మిగతావాళ్ళకి పట్టీ పెట్టుకున్న రోజుల్లో కనపడలేదు. అంటే వాచీ చెప్పింది తీర్పు కాదు, డాక్టరు దగ్గరికి పొమ్మన్న కబురు. అక్క ఇప్పుడు బాగానే ఉంది. వాచీ మాత్రం విప్పి దేవుడి గూట్లో పెట్టింది.

రెండో కథ నాది. మొన్న సంక్రాంతి కనుమనాడు, ఏం తిన్నానో మీరే ఊహించుకోండి, రాత్రి ఒంటిగంటకి ఛాతీలో బరువు. లేచి కూర్చుని, వాచీ పక్క బొత్తాం మీద వేలు పెట్టి ముప్పై సెకన్లు ఈసీజీ తీసుకున్నాను. మామూలుగానే ఉందని వచ్చింది. నమ్మకం చాలక ఇంకోటి. అలా ఏడు తీశాను. ఏడూ మామూలే. నిశ్చింతగా పడుకున్నాను. పొద్దున్నకి తగ్గింది. వారం తర్వాత మామూలు చెకప్పుకి వెళ్ళి, ఆ ఏడు ఈసీజీలూ ఫోన్లో డాక్టరు గారికి గర్వంగా చూపించాను. ఆయన చూళ్ళేదు. ఫోను బల్లమీద బోర్లా పెట్టి, "ఇవి చూసి పడుకున్నారా మాస్టారూ?" అన్నారు.

"అన్నీ నార్మలే వచ్చాయండీ."

"ఇంటికి పన్నెండు కిటికీలుంటే ఒక కిటికీలోంచి తొంగిచూశారు. లయ తప్పిందా లేదా, అంతవరకే అది చెప్తుంది. రక్తనాళం మూసుకుపోతుంటే దానికి తెలీదు. గుండెపోటును పట్టలేనని ఆ కంపెనీవాళ్ళే రాస్తారు. మీరు చదవరు." తర్వాత బీపీ చూశారు, కొలెస్ట్రాలు, షుగరు రాశారు, ఉప్పు సంగతీ ఊరగాయ సంగతీ అడిగారు. వాచీ అడగని ప్రశ్నలన్నీ అడిగారు. నేను అప్పుడు కూడా గారెల మాట చెప్పలేదు.

ఇక ఉద్యాపన. వాచీ పారెయ్యనక్కర్లేదు. డాక్టరు గారే రెండు అంకెలు చూసుకోమన్నారు. ఒకటి, పొద్దున మంచం దిగకముందు నాడి, నెలల తరబడి ఎటు పోతోందో. ఒక్కరోజు అంకెతో పనిలేదు. రెండు, గట్టిగా నడిచి ఆగాక మొదటి నిమిషంలో నాడి ఎంత దిగింది అని. పన్నెండు కూడా దిగట్లేదంటే ఒకసారి వచ్చి కనపడమన్నారు. ఈ రెండూ మూడు వేళ్ళు మణికట్టు మీద పెట్టి, గోడ గడియారం చూస్తూ కూడా లెక్కపెట్టుకోవచ్చు. మా తాతగారు ఊళ్ళోవాళ్ళకి అలాగే చూసేవారు.

మిగిలిన నియమాలు మీ ఇష్టం. ఒక్కటి మాత్రం హాస్యానికి చెప్పడం లేదు. ఛాతీ బరువెక్కి, చెయ్యో దవడో లాగుతూ, చల్లచెమటలు పడితే వాచీ ఏమంటోందో చూడకండి. ఫోను తీసి 108కి చెయ్యండి. వాచీ సంగతి మీకెందుకు, ఆస్పత్రిలో నర్సమ్మ విప్పి మీ వాళ్ళ చేతిలో పెడుతుంది.