ఖిల్లాకు పోస్టింగ్ ఎప్పుడు?

1905లో జిల్లా కేంద్రం ఎలగందుల నుంచి కరీంనగర్‌కు పోయింది. కచేరీలు, దస్త్రాలు అన్నీ కదిలాయి గానీ, ఎలగందుల ఖిల్లాను గుట్ట మీంచి దింపడం కుదరలేదు. అప్పట్నుంచీ అది పోస్టింగ్ లేని ఉద్యోగే. కాకతీయుల కాలం నుంచి సర్వీసుంది. పని లేదు, పింఛనూ లేదు.

తోటివాళ్లు సెటిలైపోయారు. ఫలక్‌నుమా 2010లోనే స్టార్ హోటలైంది. గోల్కొండకు 2014 నుంచి పంద్రాగస్టు జెండా డ్యూటీ. దాని నయాఖిల్లాలోనైతే దొరలు గోల్ఫ్ ఆడుకుంటున్నారు. ఇటు జగిత్యాల, నిర్మల్ ఖిల్లాలు మాత్రం మన ఎలగందులతో పాటే వెయిటింగులో ఉన్నాయి.

సర్కారు పని చూపకపోతే జనం ఊరుకుంటారా? తాత్కాలిక ప్రాతిపదికన నియమించేసుకున్నారు. పగలు గోడలు ప్రేమికుల హాజరు పట్టిక, చీకటి పడితే బురుజు పర్మిట్ రూమ్.

పెద్దసార్లు మీటింగు పెడితే ఐడియాలకు కరువు లేదు. ఒకాయన రోప్‌వే అంటాడు, ఇంకొకాయన గాజు వంతెన అంటాడు. ‘ఐ లవ్ ఎలగందుల’ అని ఎర్రక్షరాలు పెట్టి సెల్ఫీ పాయింట్ చెయ్యాలని మూడో ఆయన పట్టుబడతాడు. సౌండ్ అండ్ లైట్ షో ముచ్చట ఇదివరకే తీరింది. లైటు గోడ మీద పడినప్పుడు గోడలో మొలిచిన రావిమొక్క కూడా ముద్దుగానే కనబడుతది మరి!

ఖిల్లాలో 1754లో జఫరుద్దౌలా కట్టించిన మసీదు మీనార్లు పట్టుకుని ఊపితే ఊగుతాయని చెప్పుకుంటారు. మన శాఖలు అంత సున్నితం కావు. పురావస్తు శాఖను ఊపితే పర్యాటకాన్ని చూపిస్తది, పర్యాటకాన్ని ఊపితే నిధులను చూపిస్తది. 2017లో వారసత్వ చట్టం కూడా వచ్చింది, పాపం దాన్నెవరూ ఊపలేదు.

అసలు ఖిల్లా అడిగేది చిన్న ఉద్యోగమే. గట్టిగా ఉన్న గదుల్లో జిల్లా చరిత్ర చెప్పే నాలుగు బొమ్మలు, ఒక చదువుకునే జాగా, రోజూ తలుపు తీసి ఊడ్చే మనిషి. రిపేరుకు సిమెంటు వద్దు, అది తేమను గోడలోనే బంధించి రాళ్లను వదులు చేస్తుంది. డంగు సున్నం చాలు. వానాకాలం ముందు రావిమొక్కలు వేళ్లతో సహా తీసేస్తే ఇంకా మంచిది.

ఇదంతా ఒక సారుకు చెబితే శ్రద్ధగానే విన్నాడు.

“బాగనే ఉంది గని, మొక్క పీకినందుకు శిలాఫలకం ఏడ పెడ్తం?” అన్నాడు.