సిట్టింగ్‌కి ముందు: జూనియర్లకు ఒక సీనియర్ సలహాలు

తమ్ముడూ, రాత్రి సిట్టింగ్‌కి తయారీ పొద్దున్నే మొదలవ్వాలి. మెస్‌లో టిఫిన్ మానెయ్, మధ్యాహ్నం అన్నం జోలికి పోకు. కడుపులో పప్పన్నం ఉంటే మందు అక్కడే కాసేపు ఆగి, చిన్నపేగులోకి మెల్లగా దిగుతుంది. డబ్బులు పెట్టి కొన్న సరుకు మెల్లగా ఎక్కడమేంటి, దండగ!

'నాకు రెండు పెగ్గులే, తర్వాత సోడా' అని ముందే చెప్పి కూచునేవాడు ఒకడు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటాడు. వాడిని దూరం పెట్టు. ఎంత తాగాలన్నది మూడో పెగ్గు దిగాక తేల్చుకోవాల్సిన విషయం. అప్పుడు బుర్ర పాదరసంలా పనిచేస్తుంది, ఏది అడిగినా 'ఇంకోటి పొయ్యి' అనే చెబుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, లెక్క తెలియకూడదు. కొలత మూత ఉంటే కిటికీలోంచి పారెయ్. ప్లాస్టిక్ గ్లాసులో సీసా వంచి చేతివాటంగా పొయ్యాలి. గ్లాసు ఖాళీ కానివ్వకు, సగానికి రాగానే పక్కవాడు నింపెయ్యాలి. ఇక నువ్వు తాగింది ఎన్నో గ్లాసో బ్రహ్మకి కూడా తెలియదు. మధ్యలో మంచినీళ్లు తాగితే వేగం తగ్గుతుంది, బాటిల్ మంచం కిందకి తోసెయ్. 'బీరేగా మామా, అదో మందా' అనడం కూడా అలవాటు చేసుకో. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా ఒక్కటి, నాలుగు చిన్న పెగ్గుల విస్కీతో సమానం. ఆ గుణకారం మాత్రం ఎవరికీ చెప్పకు, ఇంజనీరింగ్ పిల్లలు కదా, లెక్కలంటే భయం.

ఎక్కువైతే నిమ్మకాయ మజ్జిగ, స్ట్రాంగ్ కాఫీ, చన్నీళ్ల స్నానం. లివర్ సుమారుగా గంటకి ఒక చిన్న పెగ్గు చొప్పునే అరగదీస్తుంది, ఎవడు బతిమాలినా వేగం పెంచదు. కానీ కాఫీతో కళ్లు తెరుచుకుంటాయి. ఊగుతూనే మెలకువగా ఉంటావు, అదీ ఒక లాభమే.

బండి తాళాలు తాగనివాడి చేతిలో పెట్టడం లాంటి పిరికి ఏర్పాట్లు వద్దు. 'నాకేం ఎక్కలేదురా' అని ఎవడు గట్టిగా అరిస్తే వాడికే ఇవ్వు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. అయినా గల్లీ రూట్లో పోలీసులుండరు. గేదెలు, గుంతలు ఉంటాయనుకో, వాటి దగ్గర బ్రెత్ అనలైజర్ లేదు.

ఇక వయసు. తెలంగాణలో 21 నిండాలి, మన సెకండియర్ గ్యాంగ్‌కి 19. అందుకే వైన్స్‌కి సీనియర్‌ని పంపి, రూములో గడియ పెట్టుకుని తాగుతాం. గడియ వెనక తాగినవాడికి ఏదైనా అయితే చెప్పుకోడానికి ఎవడూ ఉండడు. సరిగ్గా అప్పుడే నా అనుభవం పనికొస్తుంది.

ఔట్ అయినవాడిని వెల్లకిలా పడుకోబెట్టు. పక్కకి తిప్పితే వాంతి గొంతుకి అడ్డం పడకుండా బయటికి పోతుంది, పరుపు పాడవుతుంది. పిలిస్తే పలకట్లేదా, ఊపిరి ఆగి ఆగి వస్తోందా, ఒళ్లు చల్లబడి పెదాలు నీలమయ్యాయా అని చూస్తూ కూచోడం నర్సుల పని. ఆఖరి గ్లాసు దించాక కూడా పొట్టలో మిగిలింది రక్తంలోకి దిగుతూనే ఉంటుందట, మత్తు ఇంకా పెరుగుతుందట. పెరగనీ, పడుకున్నాడుగా. 108కి చేశావనుకో, వార్డెన్‌కి తెలుస్తుంది. వార్డెన్‌కి తెలిస్తే వాళ్ల నాన్నకి ఫోన్ పోతుంది. అందుకని లైటు తీసేసి నువ్వూ పడుకో. పొద్దున తొమ్మిదింటికి ల్యాబ్ ఉంది, వాడి ప్రాక్సీ నేను చెబుతాలే.