బల్లకు అన్నీ తెలుసు

గోదావరి జిల్లాల్లో ప్రభుత్వం మారిందని తెలుసుకోవడానికి టీవీ పెట్టనక్కర్లేదు. ఇసుక ర్యాంపు దగ్గరికెళ్ళి లారీ డ్రైవరు చేతిలో కాగితం చూస్తే చాలు. 2014లో ఆ కాగితం మీద డ్వాక్రా మహిళా సంఘం పేరుండేది. 2016లో ఇసుక ఉచితం అన్నారు. 2019 సెప్టెంబరులో ఉచితం పోయి ఖనిజాభివృద్ధి సంస్థ వచ్చింది. టన్ను 375 రూపాయలు, బుకింగు ఆన్‌లైన్లో. 2021లో జయప్రకాష్ పవర్ వెంచర్స్ అనే కంపెనీ రంగంలోకి దిగింది. టన్ను 475. 2024 జూలైలో మళ్ళీ ఉచితం. పదేళ్ళలో ఐదు రకాల కాగితాలు. ఇసుక మాత్రం పాపికొండల మధ్య నుంచి ఎప్పట్లాగే కొట్టుకొచ్చి ధవళేశ్వరం ఎగువన మేట వేస్తూనే ఉంది. దానికింకా ఏ జీవో కాపీ అందినట్టు లేదు.

రాజమండ్రి దగ్గర నడి గోదావరిలో పడవ నిలిపి, గెడ పట్టుకుని అడుగుకి దిగి, బకెట్టు నింపి పైకి అందించే పడవ మనిషిని అడగండి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటని. నీళ్ళలో తేడా ఏమీ లేదంటాడు. గట్టెక్కాకే ఉంటుందంటాడు తేడా. నిన్న కూలి అయినది ఇవాళ నేరం, రేపు మళ్ళీ కూలి.

మరి ఈ కాగితం రాసేదెవరు? మనం ఓటేసి పంపిన ఎమ్మెల్యేగారే అనుకుంటే ఆయన్ని అనవసరంగా అనుమానించినట్టే. ఆయనకే పాపం తెలీదు. 1957లో పార్లమెంటు గనులు, ఖనిజాల చట్టం చేసింది. అందులో ఇసుక మైనర్ మినరల్, అంటే చిల్లర సరుకు. చిల్లర సంగతి మీరే చూసుకోండని 15వ సెక్షన్‌లో రాష్ట్రాలకు వదిలేసింది. మన రాష్ట్రం 1966లో మైనర్ మినరల్ కన్సెషన్ రూల్స్ రాసుకుంది. ఇసుక విధానం మారినప్పుడల్లా ఆ రూల్స్‌కి ఓ అతుకు పడుతుంది. అతుకు వేసేది గనుల శాఖ. సంతకం సెక్రటరీగారిది. అసెంబ్లీకి ఇందులో పనేమీ లేదా అంటే ఉంది. 28వ సెక్షన్ చెప్పింది: రాష్ట్రం చేసిన ప్రతి రూలునూ వీలైనంత త్వరగా శాసనసభ ముందు పెట్టాలని.

పెట్టడం అంటే సభలో బల్ల మీద పెట్టడమే. మార్చమనే హక్కుగానీ, కొట్టేసే హక్కుగానీ సభకు ఆ సెక్షన్ ఇవ్వలేదు. శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి దగ్గర పెడతాం చూశారూ, సరిగ్గా అలాగన్నమాట. దేవుడు అచ్చుతప్పులు దిద్దడు. ముహూర్తం బాగోలేదనడు. చూశాడులే అన్న నమ్మకం మాత్రం మనకుంటుంది.

పైగా రెండు సభలుంటే రెండింటి ముందూ పెట్టాలి. మన శాసనమండలి 1985లో పోయింది, 2007లో వచ్చింది. 2020 జనవరిలో మండలి వద్దని అసెంబ్లీ తీర్మానించింది, 2021 నవంబరులో ఆ తీర్మానమే వద్దనుకుంది. ఏ ఏడాది రూలు ఎన్ని బల్లల మీద పెట్టాలో గుర్తుపెట్టుకోవాల్సిన గుమాస్తాకి స్పెషల్ అలవెన్సు ఇవ్వాల్సింది.

రాష్ట్ర చట్టాలు ఇంతకంటే ఉదారం. వాటి చివర మామూలుగా ఓ సెక్షన్ ఉంటుంది. రూలును మొత్తం పద్నాలుగు రోజులు సభ ముందు ఉంచాలి, ఒకే సమావేశాల్లో కుదరకపోతే వరసగా రెండు సమావేశాల్లో. ఈలోగా సభ మార్చమంటే మార్చాలి, రద్దనుకుంటే రద్దు. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో! ఇప్పుడు వేళ్ళు మడవండి. 2020 జూన్‌లో బడ్జెట్ సమావేశాలు రెండు రోజులు. ఆ తరవాత నవంబరు 30 నుంచి డిసెంబరు 4 దాకా ఐదు రోజులు. సభ కూర్చున్న రోజులే లెక్కేస్తే రెండూ కలిపి ఏడు. మిగతా ఏడు రోజులూ రూలు ఎక్కడుందంటే, తాళం వేసిన హాల్లో బల్ల మీద. 2021 మే 20న అయితే ఏడాది బడ్జెట్టంతా ఒక్క రోజులో తేలిపోయింది. కోవిడ్ అన్నారు, నిజమే. కానీ ఆ ఏడాది కోవిడ్‌కి భయపడని శాఖ ఒక్కటే కనిపించింది, జీవోలు రాసే శాఖ.

సరే, అసలు సభ ముందు పెట్టకపోతే ఏమవుతుంది? ఏమీ అవదు. ఈ మాట నాది కాదు, సుప్రీంకోర్టుది. 1970ల్లో అట్లాస్ సైకిళ్ళ కంపెనీ మీద ఓ కేసు నడిచింది. కంట్రోలు ధర దాటి ఇనప రేకులు కొన్నారని అభియోగం. ఆ ధర నిర్ణయించిన నోటిఫికేషన్‌ని పార్లమెంటు ముందు పెట్టనేలేదు కదా, అది చెల్లదు కదా అంది కంపెనీ. పెట్టమన్న మాట నిజమే, పెట్టకపోయినంత మాత్రాన నోటిఫికేషన్ చెల్లకుండా పోదు అంది కోర్టు. అంటే కంట్రోలు ధర దాటితే కొన్నవాడికి కేసు. పార్లమెంటు గడప దాటకపోతే రాసినవాడికి ఏమీ లేదు.

అయితే ప్రచురించడం సంగతి వేరు. జైపూర్ సంస్థానంలో నల్లమందు చట్టం ఒకటి చేసి ఎక్కడా ప్రచురించలేదు. దానికింద శిక్షపడ్డ ఒకాయన సుప్రీంకోర్టు దాకా వెళ్తే, జనానికి తెలియజేయని చట్టంతో జనాన్ని శిక్షించడం కుదరదని 1951లో కోర్టు ఆ శిక్షను కొట్టేసింది. మనవాళ్ళు ఈ తీర్పు చదవకుండా ఉంటారా? 2021లో జీవోల వెబ్‌సైట్‌లో కొన్ని జీవోలు ప్రచురించారు. నంబరుంది, తేదీ ఉంది, లోపల ఒక్క అక్షరం లేదు. తప్పుపట్టడానికి అందులో ఏమీ ఉండదు కాబట్టి సభ్యుల పని తేలికైపోయింది. ప్రతిపక్షం గవర్నరుగారికి ఫిర్యాదు చేసింది. గోల పెరిగాక అక్కడ జీవోలు పెట్టడమే ఆపేశారు. 2024లో కొత్త ప్రభుత్వం మళ్ళీ మొదలెట్టింది. మంచిదే. అంటే చదివే అవకాశం తిరిగొచ్చింది. చదివేవాళ్ళ కోసం చూస్తున్నాం.

ఆ చదివేవాళ్ళని పెట్టుకునే ఏర్పాటు కూడా ఉంది మరి! సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ అంటారు. లోక్‌సభ 1953లోనే వేసుకుంది. మన అసెంబ్లీకీ ఉంది. ఇలాంటి కమిటీ చూడాల్సినవి ఏ సభలోనైనా ఇంచుమించు ఒకటే: రూలు చట్టం గీత దాటిందా, చట్టంలో లేని పన్నేదైనా దొడ్డిదారిన వేస్తోందా, వెనకటి తేదీ నుంచి అమలు చేస్తోందా, కోర్టుకు వెళ్ళే దారి మూసేస్తోందా, సభ ముందుకు ఎందుకు ఆలస్యంగా వచ్చింది. అధికార్లని పిలిచి అడగొచ్చు, సభకు నివేదిక ఇవ్వొచ్చు. జీరో అవర్‌లో ఇసుక మీద బల్లలు విరిగేలా చరిచే ఎమ్మెల్యేలు ఆ బల్ల మీదున్న కాగితాన్ని ఓసారి తిరగేస్తే చరిచే శ్రమ తగ్గేది. కానీ చరిస్తే టీవీలో వస్తారు. తిరగేస్తే ఎవరు చూపిస్తారు?

ఈ కమిటీ రాజమండ్రి వచ్చి, గెస్ట్‌హౌస్‌లో పులస భోజనం కానిచ్చి, విచారణకు కూర్చుందని ఊహించుకుందాం.

“సెక్రటరీగారూ, లారీకి ఇంత కట్టాలని చట్టంలో ఎక్కడుందండీ?”

“రూల్స్‌లో ఉంది సార్.”

“రూల్స్ రాసిందెవరు?”

“మా శాఖే సార్.”

“మీకా అధికారం ఎవరిచ్చారు?”

“చట్టం సార్.”

“చట్టం ఏమంటోంది?”

“రూల్స్ చూసుకోమంటోంది సార్.”

ఇక లాభం లేదని ర్యాంపు నుంచి లారీ డ్రైవర్ని పిలిపించారు. “ఏమయ్యా, ఈ రూలు సంగతి నీకు తెలుసా?”

“ఆయ్, తెలుసండి. చెక్‌పోస్టు దగ్గర బండాపి అప్పజెప్పారండి. ఒక్కో చెక్‌పోస్టులో ఒక్కోలా ఉందండి.”

ఆ ఒక్క సాక్ష్యంతో నివేదిక రాసేయొచ్చు.

ఇంకో చిత్రం చూడండి. రూలనో, నోటిఫికేషన్ అనో పేరు పెడితేనే సభ ముందు పెట్టాలన్న తంటా. దాన్నే మార్గదర్శకాలనో, సర్క్యులర్ అనో, ఎస్ఓపీ అనో పిలిస్తే ఆ తంటా కూడా ఉండదు. లారీకి జీపీఎస్ ఉండాలా, ర్యాంపు ఎన్నింటికి మూయాలి లాంటి, డ్రైవరు ప్రాణం తీసే సంగతులన్నీ అలాంటి కాగితాల్లోనే ఉంటాయి. ఇప్పటి ఉచిత విధానంలో ఇసుకకు ధర లేదు. తవ్వడానికీ, లోడింగుకీ ఎంతన్నది కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ తేలుస్తుంది. రవాణా అదనం. ఇల్లు కట్టుకునేవాడు చివర్లో కట్టే మొత్తంలో శాసనసభ చూసి ఒప్పుకున్న రూపాయి ఎంతో వెతకాలంటే బకెట్టు పట్టుకుని గెడ దిగాల్సిందే.

మనమొక్కళ్ళమే ఇలా ఉన్నామని సిగ్గుపడక్కర్లేదు. మనకు పార్లమెంటు నేర్పిన బ్రిటన్‌లో దిగువ సభ ఇలాంటి ఉత్తర్వును చివరిసారి కొట్టేసింది 1979లో, అదీ కిరోసిన్ ధరల మీద. కొట్టేసే హక్కు బీరువాలో ఉంది, తాళంచెవి ఎక్కడ పెట్టారో వాళ్ళకూ గుర్తులేదు.

ఇందులో ఏ పార్టీనీ అనడానికి లేదు. ప్రతిపక్షంలో ఉన్నన్నాళ్ళూ జీవోల పాలన అంటారు. గెలిచిన మర్నాడు సంతకం పెట్టేది జీవో మీదే. చట్టం మార్చాలంటే సభ కావాలి, చర్చ కావాలి, అవతలి వాళ్ళ అరుపులు వినాలి. రూలు మార్చాలంటే ఒక ఫైలు, ఒక పెన్ను చాలు. ఇంత సుఖాన్ని కమిటీకి అప్పగించమంటే ఎవరికి మనసొప్పుతుంది? అందుకే ఇసుక దోపిడీ మీద యాత్రలు జరుగుతాయి, ధర్నాలు జరుగుతాయి. ఇసుక రూల్స్ మీద మాత్రం చర్చ జరగదు. దోపిడీ అవతలివాడిది, రూల్స్ అందరివీ.

కాబట్టి పెద్ద సంస్కరణలేవీ అడగను. వే బిల్లు మీద లారీ నంబరు వేస్తారు, టన్నులు వేస్తారు, టైము నిమిషాలతో సహా వేస్తారు. ఆ కింద ఒక్క గడి పెంచండి: ఈ రూలు శాసనసభ ముందు పెట్టిన తేదీ. దాని పక్కనే ఇంకో గడి: చదివిన సభ్యుడి సంతకం. తేదీ లేకపోతే, సంతకం దొరక్కపోతే ఆ గడులు అలాగే వదిలేసి అచ్చు వేయండి, ఏమీ అనుకోం. ఖాళీ జీవోలు చూసిన కళ్ళకి రెండు ఖాళీ గడులో లెక్కా?